డల్లాస్‌ను లేపి నిలబెట్టిన నలుగురు

వేదిక మీద కుర్చీలు లేవు. నలుగురు కొరియా యువకులు వచ్చి నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తెల్లని బట్టల మీద ఎరుపు, నీలం, పసుపు పట్టీలు. ఒకరి చేతిలో జానెడు వెడల్పున్న చిన్న జేగంట, క్వెంగ్వారి. ఒకరి ముందు నడుము సన్నగా ఉండి రెండు వైపులా తోలు బిగించిన జంగు. ఒకరి ముందు పొట్టి పీపా ఆకారంలో బుక్ అనే డోలు. నాలుగో మనిషి పక్కన వేలాడదీసిన పెద్ద జేగంట, జింగ్.

అది 1982. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, డల్లాస్ నగరం. ఎదురుగా కూర్చున్నవాళ్లు మామూలు ప్రేక్షకులు కారు. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ ఏటా జరిపే అంతర్జాతీయ సమావేశానికి వచ్చిన వాద్యకారులు. ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు, డ్రమ్మర్లు, యూనివర్సిటీల్లో తాళవాద్యాలు నేర్పే అధ్యాపకులు, వాళ్ల శిష్యులు. వేషం చూసి మురిసిపోయి చప్పట్లు కొట్టే జనం కాదు. మణికట్టు ఎటు తిరిగింది, దెబ్బ ఎక్కడ పడింది అని చూసే జనం.

చిన్న జేగంట కిమ్ యొంగ్ బేది. దాన్ని ఎడమచేత్తో పట్టుకునే తీరే వేరు. వేళ్లు గంట లోపలి వైపు ఉంటాయి. కుడిచేతి కొడుపుతో బయట కొడుతూ, లోపలి వేళ్లతో మోతను నొక్కుతూ వదులుతూ పోతారు. నొక్కితే పొడి చప్పుడు, వదిలితే చెవులు గింగురుమంటాయి. దళాన్ని నడిపేది ఆ గంటే. జంగు ముందు కిమ్ దొక్ సు. అతని ఎడమచేతిలో గుండ్రటి తల ఉన్న కొడుపు, కుడిచేతిలో సన్నటి వెదురు పుల్ల. ఎడమవైపు లోతైన మోత, కుడివైపు పదునైన మోత. ఉధృతి పెరిగినప్పుడు ఎడమచేతి కొడుపు గాల్లో అర్ధచంద్రాకారంగా తిరిగి కుడివైపు తోలు మీద పడి, మళ్లీ వెనక్కి వస్తుంది. లీ క్వాంగ్ సు, చ్వే జొంగ్ శిల్ మిగతా రెండు వాద్యాలూ పట్టారు. క్వెంగ్వారి పిడుగు, జంగు వాన, బుక్ మబ్బు, జింగ్ గాలి అని కొరియావాళ్లు చెప్పుకుంటారు.

వాళ్ల ముందు స్వరాల కాగితాలు లేవు, చెయ్యి ఊపి నడిపించే కండక్టరూ లేడు. నలుగురినీ కలిపి ఉంచింది ఊపిరి. కూర్చున్నచోటే ఊపిరి పీల్చినప్పుడు వెన్ను నిటారుగా లేస్తుంది, వదిలినప్పుడు దెబ్బతో పాటు కిందికి దిగుతుంది. నాలుగు దేహాలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతుంటాయి. నెమ్మదిగా మొదలైన నడక బిగుసుకుంటూ పోయి, చివరికి ఏ దెబ్బ ఎవరిదో విడదీసి చెప్పలేనంత వేగం అందుకుంటుంది. ఆగడం కూడా నలుగురిదీ ఒక్కసారే.

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ దళం పేరు సముల్ నోరి, అంటే నాలుగు వాద్యాల ఆట. కొరియా పల్లె డోలు ప్రపంచ వేదికల మీదికి నడిచిన దారిలో ఆ రోజుది పెద్ద మలుపు.

ఇంతకీ వీళ్లెవరు? నలుగురూ ముప్పై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. కిమ్ దొక్ సు 1952లో పుట్టాడు. తండ్రి నమ్‌సదంగ్ ఆటగాడు. నమ్‌సదంగ్ అంటే ఊరూరా తిరిగే మగవాళ్ల మేళం. డోళ్ల దళం, పళ్లేలు తిప్పడం, పిల్లిమొగ్గలు, తాడు మీద నడక, ముసుగుల నాటకం, బొమ్మలాట, ఈ ఆరూ వాళ్ల విద్యలు. ఊరి పెద్దలు సరేనంటే ఆట, వద్దంటే మళ్లీ ప్రయాణం. పెట్టింది తిని, ఇచ్చింది తీసుకుని సాగిపోవాలి. సమాజంలో అట్టడుగున ఉన్నవాళ్లు. మన పల్లెల్లో డప్పు లేనిదే జాతరా జరగదు, చావూ సాగదు. ఆ డప్పు పట్టిన మనిషిని మాత్రం ఊరి చివరే ఉంచారు. నమ్‌సదంగ్ బతుకు ఎలాంటిదో తెలుగు పాఠకుడికి ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు.

1957లో, ఐదేళ్ల వయసులో, కిమ్ దొక్ సు ఆ మేళంలో అడుగుపెట్టాడు. పెద్దవాళ్ల భుజాల మీద నిలబడి ఆడే బుడతడి వేషంతో మొదలైంది. ఏడో ఏట జాతీయ స్థాయి పోటీలో అధ్యక్షుడి బహుమతి గెలిచాడు. అప్పటికి కొరియా యుద్ధం ఆగి పట్టుమని పదేళ్లు కాలేదు.

బహుమతి వచ్చింది గానీ, ఆడే నేల మాత్రం కాళ్ల కిందనుంచి జారిపోతూ వచ్చింది. ఈ డోళ్లకు చోటు పొలంగట్టు, ఇంటి ముంగిలి, ఊరి నడిబొడ్డు. నాట్లప్పుడు, కోతలప్పుడు, కొత్త ఏడాది తొలి పున్నమికి ఊరంతా కలిసి వాయించేది. 1970లో ప్రభుత్వం మొదలుపెట్టిన సెమావుల్ అనే పల్లెల ఆధునికీకరణ ఉద్యమం గడ్డి కప్పులు తీయించి కొత్త కప్పులు వేయించింది, రోడ్లు వేసింది. గ్రామదేవతల కొలుపుల్ని మూఢనమ్మకాల కింద జమకట్టింది. కుర్రకారు ఫ్యాక్టరీల కోసం సియోల్ దారి పట్టింది. ఊళ్లో వాయించేవాడూ కరువయ్యాడు, వినేవాడూ కరువయ్యాడు.

అప్పుడు దొరికిన చోటు సియోల్‌లో ఒక భవనం అడుగున ఉన్న చిన్న థియేటర్. పేరు గొంగన్ సరాంగ్. నల్ల ఇటుకల ఆ భవనాన్ని కట్టించుకున్నది వాస్తుశిల్పి కిమ్ సు గన్. 1988 ఒలింపిక్స్ జరిగిన సియోల్ ప్రధాన స్టేడియానికి రూపం ఇచ్చిందీ ఆయనే. 1978 ఫిబ్రవరిలో కిమ్ దొక్ సు, కిమ్ యొంగ్ బే మరో ఇద్దరు వాద్యకారులతో కలిసి అక్కడ వాయించారు. లీ క్వాంగ్ సు, చ్వే జొంగ్ శిల్ ఆ ఇద్దరి స్థానాల్లోకి తర్వాత వచ్చినవాళ్లు. దళానికి సముల్ నోరి పేరు పెట్టింది జానపద పరిశోధకుడు శిమ్ ఊ సంగ్.

ఆ గదిలో ఊరేగడానికి చోటు లేదు. డోలు మెడకు తగిలించుకుని గుండ్రంగా నడుస్తూ, ఎగురుతూ, తలపాగా రిబ్బన్లు గిరగిరా తిప్పుతూ వాయించే కళ అది. పదుల మంది చేసే పనిని నలుగురికి కుదించి, వాళ్లను కూర్చోబెట్టారు. కాళ్లకు పని తప్పింది కదా, ఆ సత్తువంతా చేతుల్లోకి వచ్చింది. నడుస్తూ వాయించేటప్పుడు సాధ్యంకాని వేగమూ, సన్నటి పనితనమూ కూర్చుంటే సాధ్యమయ్యాయి. ఒక్కో ప్రాంతానిది ఒక్కో బాణీ. ఉత్తారి, హోనమ్, యొంగ్నమ్ అనే మూడు ప్రాంతాల లయల్ని పెద్దల దగ్గర నేర్చుకుని, ఒక కచేరీకి సరిపడేలా అల్లుకున్నారు.

పరదేశీయుల ముందు పెట్టేటప్పుడు మన కళను కాస్త తేలిక చేయాలి, పొట్టిగా, రంగుగా, తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలి అనుకునేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. సముల్ నోరి దానికి సరిగ్గా ఎదురు దిశలో వెళ్లింది. ఉన్నదాన్ని ఇంకా చిక్కన చేసింది, ఇంకా కష్టతరం చేసింది. అందుకే డల్లాస్‌లో సాటి వాద్యకారులు లేచి నిలబడ్డారు. అది అతిథి మర్యాద కాదు. పని తెలిసినవాడు పనివాడికి ఇచ్చిన గౌరవం.

ఆ తర్వాత దారి విశాలమైంది. అమెరికాలో, జపాన్‌లో, యూరప్ ఉత్సవాల్లో కచేరీలు. 1984లో అమెరికన్ సంస్థ నాన్‌సచ్ వాళ్ల వాద్యాన్ని రికార్డుగా తెచ్చింది. రెడ్ సన్ అనే జాజ్ బృందంతో కలిసి వాయించారు. స్వదేశంలోనూ ఎనభైల్లో యూనివర్సిటీ పిల్లలు డోళ్లు భుజానికెత్తుకున్నారు, సైనిక పాలనకు ఎదురు నిలిచిన ఊరేగింపుల్లో వాటిని మోగించారు. అమెరికాలో పెరిగిన కొరియా సంతతి విద్యార్థులు కాలేజీల్లో దళాలు కట్టుకున్నారు.

ఒప్పుకోనివాళ్లు లేకపోలేదు. ఊరంతా కలిసి వాయించే దాన్ని నలుగురు వాయిస్తే మిగతావాళ్లు చూసే తమాషాగా మార్చారన్నది వాళ్ల అభ్యంతరం. అందులో నిజం ఉంది. ముంగిట్లో వాయించేటప్పుడు చూసేవాడు, ఆడేవాడు అనే గీత ఉండదు; థియేటర్లో ఆ గీత పడింది. కానీ ముంగిలే లేకుండా పోయిన నగరంలో ఆ లయలు వేల మంది చేతుల్లోకి చేరాయంటే ఆ నలుగురు కూర్చోబట్టే. పోయినదాన్ని తలచుకుని బాధపడే హక్కు అందరికీ ఉంది. మిగిల్చినవాళ్లకు దక్కాల్సిన గౌరవం కూడా దక్కాలి.

ఈ విజయంలో ఒక దుఃఖం ఉంది. 1984లో కిమ్ యొంగ్ బే దళాన్ని విడిచి జాతీయ సంగీత సంస్థలో చేరాడు. 1986లో, ఇంకా ముప్పైల్లోనే, తనువు చాలించాడు. ఆ గంట నడిపిన తీరును రికార్డుల్లో వినాల్సిందే. కిమ్ దొక్ సు ఆగలేదు. 1993లో హనుల్లిమ్ అనే సంస్థ పెట్టాడు, తర్వాత కొరియా జాతీయ కళల విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఊరి పెద్దలు సరేనంటే తప్ప ఆడే వీల్లేని నమ్‌సదంగ్ ఆట 2009లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. రైతుల డోళ్ల దళం నొంగక్ 2014లో ఎక్కింది.

ఇది చదివి వినాలనిపిస్తే ఉత్తారి పుంగ్ముల్ పేరుతో వెతకండి. అందులో చిల్‌చే అనే లయ వస్తుంది. మూడు, రెండు మాత్రల గుంపులు కలగలిసిన 36 మాత్రల ఆవర్తనం అది. ఒక్కో ఆవర్తనంలో జింగ్ ఏడుసార్లు మోగుతుంది. చిన్న గంట వెంట పరిగెత్తకండి, తప్పిపోతారు. పెద్ద జేగంటను పట్టుకుని ఏడు దెబ్బలూ లెక్కపెట్టండి. మృదంగం, డప్పు విని పెరిగిన చెవికి రెండు మూడు ఆవర్తనాల్లో అది పట్టుబడుతుంది.