ఒంటిగంటన్నర ఫోను

రాత్రి పదకొండు దాటింది. గుండుగొలను సెంటర్లో టీ కొట్టు ఇంకా కట్టెయ్యలేదు. రోడ్డు ఇక్కడే రెండుగా చీలుతుంది. పాతది భీమడోలు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రాజమండ్రి పోతుంది. కొత్తది నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరుతుంది. కొల్లేరు వైపు నుంచి వచ్చిన చేపల లారీ మీ పక్కగా మలుపు తిరుగుతుంది. ట్రేలలోంచి ఐసు నీళ్లు కారి తారు మీద చార పడుతుంది. నీచు వాసన కాసేపు అక్కడే నిలబడుతుంది. బొచ్చెలూ శీలావతులూ కలకత్తా బయల్దేరాయి. అలాంటి లారీ తోలే ఒకతని ఇంటికే మనం వెళ్తున్నాం. అతను ఇంట్లో లేడు. భార్యా లేదు. ఆమె కువైట్‌లో ఉంది.

రోడ్డు వదిలి పేటలోకి రండి. మధ్యాహ్నం పడ్డ వానకి సందు చిత్తడిగా ఉంది, చూసి నడవండి. ఈ ఇంటికి శ్లాబు పడింది గానీ బయటి గోడలకి ఇంకా సిమెంటు పూత లేదు. వరండాలో నవారు మంచం మీద కూర్చున్నావిడ ఆ కువైట్ మనిషికి తల్లి. పిల్లలకి అమ్మమ్మ. అరవై దాటాయి. సార్వా నాట్లు కదా, పొద్దున్నే పొలం వెళ్లి సాయంత్రానికి వచ్చింది. కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది. లోపల తొమ్మిదో తరగతి చదివే మనవరాలు పుస్తకం ముందేసుకుని ఉంది. మనవడు చాప మీద అడ్డంగా నిద్రపోయాడు. ఫోను ఛార్జింగులో ఉంది. ఒంటిగంటా పదిహేనుకి అలారం పెట్టి ఉంది.

ఇప్పుడు కువైట్‌లో ఎనిమిదిన్నర. వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మేడం వాళ్ల భోజనాలు, పిల్లలకి పాలు, గిన్నెలు, పొద్దుటికి బట్టల ఇస్త్రీ అయ్యి, ఆమె తన గది తలుపు వేసుకునేసరికి అక్కడ పదకొండు అవుతుంది. అక్కడ పదకొండంటే ఇక్కడ ఒంటిగంటన్నర. శుక్రవారం ఆ ఇంటికి చుట్టాలొస్తారు, ఆ రాత్రి ఫోను ఉండదు. రంజాన్ నెలలో రాత్రంతా వంటలే, ఎప్పుడు మోగుతుందో చెప్పలేరు.

"మా అమ్మమ్మకి కువైట్ టైం తెలుసండి. మా బడి టైం తెలీదు," అంటుంది పిల్ల. ముసలావిడ కాదనదు.

కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి పన్నెండు గంటలు మించి పని చెప్పకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి. మరుసటేడు కనీస జీతం నెలకి 60 దినార్లుగా పెట్టారు. ఒక్కో దినారు 2024లో మన డబ్బులో 270 రూపాయల పైమాటే. ఇక్కడ నిద్రపోతున్న పిల్లవాడి తల్లి అక్కడ పొద్దున్న ఆరింటికి లేస్తుంది. రాత్రి పదకొండు దాకా ఎన్ని గంటలో మీరే లెక్క వేసుకోండి.

కూర్చోండి, ఇంకా రెండు గంటలుంది. ముసలావిడ మాట్లాడుతుంది. ఇలాంటి ఇళ్లలో దేని గురించి అడిగినా చివరికి మాట డబ్బు దగ్గరికే వస్తుంది. ఎంత వస్తుందన్నది కాదు, ఎవరి ఖాతాలో పడాలన్నదే గొడవ. మొదట్లో అల్లుడి ఖాతాలో పడేది. అప్పుడు పెళ్లినాటి గొలుసు తాకట్టులోనే ఉండిపోయింది, నూటికి మూడు రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంది. ఒక రాత్రి ఫోనులో కూతురు, "అమ్మా, రేపటినుంచి నీ ఖాతాకి పంపుతా" అంది. తల్లి బ్యాంకుకి వెళ్లి వేలిముద్ర వేసి ఖాతా తెరిచింది. అల్లుడు నెలల తరబడి ఈ గడప తొక్కలేదు.

"ఆడు చెడ్డోడు కాదండి," అంటుంది ఆవిడ. "చేతిలో డబ్బు ఆడితే ఆగలేడు. అది అక్కడ గిన్నెలు తోమి పంపేది, దానికి లెక్క ఉండాలా వద్దా?" గొలుసు విడిపించారు. శ్లాబు వేశారు. పిల్లని తాడేపల్లిగూడెంలో ఇంటరు చదివించాలని ఇప్పటినుంచే కొంత పక్కన పెడుతున్నారు. ఇదంతా సంతకం చెయ్యటం రాని మనిషి నడిపిస్తోంది. వలస గురించి ఎవరు మాట్లాడినా వెళ్లినవాళ్ల కష్టమే చెబుతారు. అది చెప్పాల్సిందే. కానీ ఆ కష్టం రూపాయిగా మారి, పిల్లల ఫీజుగా, గోడగా నిలబడాలంటే ఇంటి దగ్గర ఇంకో ఆడమనిషి రెండోసారి తల్లి కావాలి. ఆవిడ పనికి జీతం లేదు, సెలవూ లేదు.

పిల్ల లోపల వింటోందని గొంతు తగ్గించి ఇంకో సంగతి చెబుతుంది. మనవరాలు పెద్దమనిషి అయినప్పటి సంగతి. కబురు తల్లికి చెప్పాలంటే ఒంటిగంటన్నర దాకా ఆగాలి. ఆ రోజు శుక్రవారం. మర్నాటి రాత్రికి గానీ ఫోను రాలేదు. విన్నాక కూతురు చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "చిమ్మిలి పెట్టావా దానికి? నువ్వులు బాగా దంచావా?" అని అడిగిందట. ఫంక్షన్ రోజు ఫోనుని స్టీలు బిందెకి ఆనించి నిలబెట్టారు, తల్లి చూడాలని. మేనత్త హారతి పళ్లెం ఎత్తే సమయానికి అక్కడ మేడం పిలిచింది. తెర నల్లబడింది. మేనత్త పళ్లెం పట్టుకుని కాసేపు ఆగింది. ఫోను మళ్లీ వెలగలేదు. కర్పూరం అయిపోతోందని హారతి ఇచ్చేసింది.

గోడకున్న బీరువా తలుపు తీసి చూడండి. లోపలివైపు ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. పిల్ల గుండ్రటి రాత. పాస్‌పోర్టు నంబరు, కువైట్ వాళ్లిచ్చే సివిల్ ఐడీ కార్డు నంబరు, కఫీలు (అంటే యజమాని) పూర్తి పేరు, మేడం ఫోను, జహ్రాలో ఇంటి బ్లాకు, వీధి, ఇంటి నంబరు. కింద పాస్‌పోర్టు జిరాక్సు పిన్ను చేసి ఉంది. ఈ కాగితం వెనక ఒక రోజు ఉంది. 2024 జూన్ 12. కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడింది. 45 మంది భారతీయుల మృతదేహాలను జూన్ 14న వాయుసేన విమానంలో కొచ్చి తెచ్చారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లు. టీవీలో మంటలు చూపిస్తున్నప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ ఆమె కువైట్‌లో ఎక్కడుంటుందో తెలియదు. కువైట్ అంటే కువైటే అనుకున్నారు. ఫోను కలవదు. మంగాఫ్ ఎంత దూరమో, ఆమె ఉండేది ఇల్లో క్యాంపో ముసలావిడకి తెలియదు. చర్చిలో ఆ సాయంత్రం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను మోగాక ఈ పిల్ల తల్లిని పలకరించకముందే, "అమ్మా, నీ అడ్రసు చెప్పు, రాసుకుంటా" అంది.

అలారం మోగింది. పిల్ల ముఖం కడుక్కుని వచ్చింది. ఫోను వెలిగింది.

"తిన్నారా?"

"తిన్నాం. నువ్వో?"

"తిన్నా. ఏం కూర?"

"గోంగూరలో ఎండు రొయ్యలేశా."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "పిల్లోడు పడుకున్నాడా? లేపకు. ఫోను ఇటు తిప్పు," అంటుంది. అమ్మమ్మ ఫోనుని చాప వైపు తిప్పి పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు వాడు తల్లితో మాట్లాడడు. అడిగితే "హాయ్" అని పరిగెత్తుతాడు. తల్లి వెళ్లేటప్పుడు వాడికి నాలుగేళ్లు. వాడికి తెలిసిన తల్లి ఎక్కువగా ఈ ఫోనులోనే ఉంది. అందుకే ఆమె వాడిని నిద్రలోనే తనివితీరా చూసుకుంటుంది.

పిల్ల తెరలోకి వంగి చూస్తోంది. "అమ్మా, ఎడం చేత్తో పట్టుకున్నావేంటి ఫోను? కుడిచెయ్యి చూపించు."

"ఏం లేదే."

"చూపించమన్నానా?"

మణికట్టు దగ్గర్నుంచి మోచేతిదాకా కట్టు. నూనె చిందింది. క్లినిక్కుకి తీసుకెళ్లారు, మందు రాశారు. వారం అయింది. వారంగా ఫోను చేస్తూనే ఉంది, బాగున్నానంటూనే ఉంది. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల ఏడవలేదు. "నువ్వు దాచావు కదా, ఇక్కడ అమ్మమ్మ కూడా దాస్తోంది. మొన్న పొలం గట్టు మీద జారి పడింది. మోకాలు వాచిపోయింది. ఆ నొప్పితోనే నాట్లకెళ్తోంది," అనేసింది. అమ్మమ్మ కసిరింది. అవతలనుంచి కూతురు తల్లిని కసిరింది. ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. తర్వాత చాలాసేపు చెయ్యి గురించీ, మోకాలి గురించీ, ఏలూరులో ఎవరికి చూపించాలన్నదాని గురించీ మాట్లాడుకున్నారు. రెండుంపావుకి ఫోను పెట్టేశారు.

మన ఇళ్లలో దాచటాన్ని ప్రేమ అంటాం. దూరాన ఉన్న మనిషికి బాధ చెప్పి ఇంకా బాధపెట్టటం ఎందుకంటాం. ఆ మాటలో నిజం ఉంది. అయినా ఆ తొమ్మిదో తరగతి పిల్ల చేసిందే సరైనదని నా గట్టి నమ్మకం. ఇలా దాచుకుంటూ పోతే, నిజంగా ఆపద వచ్చిన రోజు ఏ మాట నమ్మాలో రెండు వైపులా తెలియదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, జబ్బు చేసినా "బాగానే ఉన్నా" అనే అలవాటు నాలుక మీద ముందే ఉంటుంది.

ఆ పిల్ల తల్లి కువైట్ వెళ్లిన దారి సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి ఒక సబ్ ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లి, కొన్నాళ్లకే ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఈ రెండోసారి ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకుని వెళ్లింది. పది పాసవ్వని వాళ్లకిచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ముప్పై నిండని స్త్రీ గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లకూడదన్నది నిబంధన. ఈసీఆర్ పాస్‌పోర్టున్న స్త్రీలను పంపే పనిని 2016 ఆగస్టులో కేంద్రం ప్రభుత్వ ఏజెన్సీలకే అప్పగించింది. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. క్లియరెన్సుతో వెళ్లేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే 10 లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్తే ఆ రక్షణ లేదు. గోదావరి జిల్లాలనుంచీ కడప వైపునుంచీ ఎందరో ఆడవాళ్లు ఈ తేడా తెలియకుండానే విమానం ఎక్కారు.

మీ వీధిలో ఇలాంటి ఇల్లుంటే ఒక సాయంత్రం వెళ్లి, ఆ కాగితం ఉందో లేదో చూడండి. లేకపోతే రాసిపెట్టండి: పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ, వీసా రకం, యజమాని పేరూ ఫోనూ, ఇంటి బ్లాకూ వీధీ. ఆపద వస్తే భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఇంటి దగ్గరివాళ్లే ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి రుసుము లేదు. ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ హెల్ప్‌లైన్ కూడా ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. అక్కడివాళ్లు మొదట అడిగేవి ఈ వివరాలే.