మూడేళ్లలో, మహా అయితే ఐదేళ్లలో

1954 జనవరి 7న న్యూయార్క్‌లోని ఐబీఎం కేంద్ర కార్యాలయంలో విలేకరులు చూస్తుండగా ఒకామె రష్యన్ వాక్యాలను కార్డుల మీద పంచ్ చేసింది. ఆమెకు రష్యన్ ముక్క రాదు. రోమన్ లిపిలో రాసిచ్చిన వాటిని చూసి కొట్టిందంతే. ఐబీఎం 701 యంత్రం ఆ కార్డులు తీసుకుని ఇంగ్లీషు అనువాదాన్ని అచ్చువేసింది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం తరఫున ఈ ప్రయోగం నడిపించిన లియోన్ దోస్తెర్, ఐదేళ్లలో, బహుశా మూడేళ్లలోనే, ముఖ్యమైన రంగాల్లో యంత్రానువాదం సాధ్యమైపోవచ్చని చెప్పాడు. యంత్రంలో ఉన్నది 250 మాటలు, ఆరు వ్యాకరణ సూత్రాలు. అనువాదమైన అరవై పైచిలుకు వాక్యాలూ ఆ సూత్రాలకు లొంగేలా ముందే ఏరి పెట్టుకున్నవి. ఇందులో మోసమేమీ లేదు, ఈ లెక్కలు వాళ్లే చెప్పారు. చిక్కల్లా ఏరిన వాక్యాల మీద కుదిరిన పనిని ఏరని వాక్యాలకూ వర్తింపజేయడంలో వచ్చింది. సాంకేతిక జోస్యాలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడేనని నా అభిప్రాయం. యంత్రం శక్తిని అతిగా ఊహించడం కన్నా, దానికిచ్చిన పరీక్ష ఎంత ఇరుకైనదో మరిచిపోవడమే అసలు పొరపాటు.

ఆ పొరపాటు ఖరీదు తేలడానికి పన్నెండేళ్లు పట్టింది. ప్రచ్ఛన్నయుద్ధపు రోజులు, రష్యన్ శాస్త్ర పత్రికలు చదివి తీరాలన్న ఆత్రం. అమెరికా ప్రభుత్వం ధారాళంగా నిధులిచ్చింది. 1966లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పియర్స్ అధ్యక్షతన, ఈ పనిని సమీక్షించిన ఆల్‌పాక్ కమిటీ నివేదిక వచ్చింది. మనిషి చేసే అనువాదం కన్నా యంత్రం పని నెమ్మది, తప్పులెక్కువ, ఖర్చూ ఎక్కువేనని తేల్చింది. నిధులు ఎండిపోయాయి. అయితే కమిటీ అక్కడితో ఆగలేదు. పనికొచ్చే యంత్రానువాదం కనుచూపు మేరలో లేదని తనూ ఒక జోస్యం చెప్పింది. పదకొండేళ్లు తిరక్కుండానే, 1977లో, కెనడాలో మెటియో అనే వ్యవస్థ వాతావరణ సూచనలను ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి రోజువారీగా మార్చడం మొదలుపెట్టింది. వాతావరణ సూచనలో మాటలు కొన్నే, వాక్యాల తీరూ దాదాపు ఒకటే. హద్దు ఎక్కడుందో తెలిసి, దానిలోపలే ఉండిపోయింది కాబట్టి అది నిలిచింది.

దోస్తెర్ చెప్పింది చివరికి నిజమైందిగా, ఇప్పుడు ఫోనే అనువాదం చేస్తోందిగా అనవచ్చు. కానీ వాన పడుతుందన్నవాడి మాట అరవై ఏళ్లకు ఫలిస్తే, అది నమ్మి విత్తనం చల్లిన రైతుకు ఒరిగేదేమిటి? పైగా ఫలితం వచ్చిన దారి కూడా వేరు. 1980ల చివర ఐబీఎం పరిశోధకులే సూత్రాలను పక్కనబెట్టి, కెనడా పార్లమెంటు చర్చల ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రతులను పక్కపక్కన పెట్టి ఏ మాటకు ఏ మాట వస్తోందో గణాంకాలతో పట్టుకోవడం మొదలుపెట్టారు. 2016లో గూగుల్ న్యూరల్ పద్ధతికి మారింది. ఆరు సూత్రాలను ఆరు వేలు చేసుకుంటూ పోతే ఈ దారి తగిలేది కాదు. మరి గోర్డన్ మూర్ మాటేమిటంటారా? చిప్‌లోని భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతుందని 1965లో ఆయన వేసిన అంచనా చాలావరకు ఫలించిన మాట నిజమే. కానీ ఆయన అప్పటికే తయారైన చిప్‌లలోని భాగాలను లెక్కగట్టి, పదేళ్లకే గడువు పెట్టుకున్నాడు. 1975లో రెట్టింపు వ్యవధిని ఏడాది నుంచి రెండేళ్లకు తనే సవరించుకున్నాడు. ఆ తర్వాత పరిశ్రమ ఆ అంచనానే లక్ష్యంగా పెట్టుకుని పనిచేసింది. కృత్రిమ మేధ ఫలానా పరీక్ష నెగ్గింది కాబట్టి ఫలానా ఉద్యోగం పోతుందనే నేటి జోస్యాలకు అలాంటి కొలత అరుదు. ప్రశ్నలు ఎవరు ఏరారన్నది అక్కడ తప్పక అడగాలి.

మన దగ్గర 1990లలో ఐఐటీ కాన్పూర్‌లోనూ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ రూపుదిద్దుకున్న అనుసారక ఇంకో దారి పట్టింది. తెలుగు వంటి భాషల పాఠాన్ని హిందీ చదువరికి అందించే ఈ వ్యవస్థ పూర్తి అనువాదం చేస్తానని చెప్పుకోలేదు. మాటల విశ్లేషణ, నిఘంటువు యంత్రం వంతు. సందర్భాన్ని బట్టి అర్థం తేల్చుకోవడం కొద్దిపాటి తర్ఫీదు పొందిన చదువరి వంతు. వచ్చే హిందీ కృతకంగానే ఉండేది, మూలంలో ఏముందో మాత్రం తెలిసేది.