జర్మన్ సూక్ష్మజీవశాస్త్ర పదాల ఆంగ్లానువాదం

19వ శతాబ్దం చివరి దశకాల్లో సూక్ష్మజీవశాస్త్ర మూలరచనలు అనేకం జర్మన్‌లో వెలువడినందున, వాటి పరిభాషను ఆంగ్లంలోకి తేవడం ఆ శాస్త్ర వ్యాప్తికి అత్యవసరమైంది. రాబర్ట్ కాక్ గాయాల వల్ల సోకే రోగాలపై రాసిన గ్రంథానికి వాట్సన్ చెయిన్ చేసిన అనువాదం 1880లో వచ్చింది.

అచ్చమైన వర్ధనం అనే అర్థమిచ్చే 'రైన్‌కుల్టూర్' 'ప్యూర్ కల్చర్'గా సులువుగానే మారింది. 'ఇంప్‌ఫెన్' అనే క్రియ అలా లొంగదు. మనిషికి టీకా వేయడానికీ, పోషక యానకంపై సూక్ష్మజీవులను నాటడానికీ జర్మన్‌లో అదే మాట కనుక, వాక్యంలో ఉన్నది రోగి చేయా, గాజుపళ్లెమా అని చూసుకొనిగాని అనువాదకుడు ఆంగ్లపదాన్ని ఎంచుకోలేడు. దొమ్మ రోగానికి జర్మన్ పేరైన 'మిల్ట్స్‌బ్రాండ్'లో పశువు ప్లీహం కనిపిస్తే, ఆంగ్లం వాడే 'ఆంత్రాక్స్'లో నల్లని పుండును బొగ్గుతో పోల్చిన గ్రీకు మాట ఉంది. రోగం ఒకటే అయినా చూపు వేరు.

అన్నిటికన్నా చిక్కైనది 'ష్పాల్ట్‌పిల్ట్స్', అంటే చీలి పెరిగే శిలీంధ్రం. 1857లో నేగెలి బ్యాక్టీరియాకు పెట్టిన ఈ పేరును మాటకు మాటగా దించితే నేటి పాఠకుడు దారి తప్పుతాడు, 'బ్యాక్టీరియా' అని సరిదిద్దితే ఆనాటి వర్గీకరణ మరుగున పడుతుంది. కాబట్టి పాత పేరును ఉంచి పక్కనే వివరణ ఇవ్వడమే ఉత్తమ పద్ధతి. 1887లో పెట్రి వర్ణించిన పళ్లెం మాత్రం రెండు భాషల్లోనూ ఆయన పేరుతోనే నిలిచింది.