అరాజకం - అరాచకం: పాలంపేట శాసనం వెలుగులో ఒక పదచరిత్ర

ఆంగ్లంలోని 'అనార్కీ'కి తెలుగులో 'అరాచకం' అనే పదాన్ని వాడుతున్నాం. రెండింటి నిర్మాణం ఒక్కటే. గ్రీకులో 'అన్' అభావార్థకం, 'అర్ఖోస్' అంటే పాలకుడు. సంస్కృతంలో అభావార్థకమైన అకారం రాజశబ్దంతో చేరగా 'అరాజకం' ఏర్పడింది. రెండు పదాలకూ మూలార్థం పాలకుడు లేకపోవడం. అల్లకల్లోలం దానికి ఫలితంగా ఊహించిన అర్థం. ఈ రెండర్థాలను వేరుచేసి చూడవలసిన అవసరాన్ని పాలంపేట ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

క్రీ.పూ. 404-403లో ముప్ఫైమంది నియంతల ఏలుబడిలో పీథోడోరస్ ఆర్ఖన్‌గా నియమితుడయ్యాడు. ఆ నియామకాన్ని అంగీకరించని ఏథెన్స్ వాసులు ఆ సంవత్సరాన్ని 'అనార్ఖియా'గా లెక్కించారు. అక్కడ లోపించింది అధికారం కాదు, దాని ధర్మబద్ధత. 1840లో ఫ్రెంచి రచయిత ప్రూధాన్ తనను తాను అనార్కిస్టుగా చెప్పుకొని, నిందార్థకమైన ఈ పదాన్ని ఒక సిద్ధాంతానికి పేరుగా మార్చాడు.

మన వాఙ్మయంలోనూ ఇలాంటి ద్వైధీభావం ఉంది. దశరథుని మరణానంతరం అయోధ్యలో ద్విజులు వసిష్ఠుని ఎదుట అరాజక జనపదాన్ని వర్ణిస్తారు: అక్కడ వాన కురవదు, వర్తకుడు దూరప్రయాణం చేయలేడు, బలవంతుడు బలహీనుని మింగుతాడు. మహాభారత శాంతిపర్వం ఈ మత్స్యన్యాయాన్నే చెబుతూ, మరొక చోట రాజు గానీ రాజ్యం గానీ లేని తొలికాలంలో ప్రజలు ధర్మంతోనే పరస్పరం రక్షించుకున్నారని అంటుంది. అంటే రాజు లేకపోవడం అల్లకల్లోలానికి పర్యాయపదం కాదనే ఆలోచన ప్రాచీనమే.

తెలుగు సమాసాలలో రాజశబ్దం 'రాచ'గా మారడం రాచబాట, రాచకార్యం, రాచరికం వంటి పదాలలో స్పష్టం. అరాచకంలోని చకారాన్నీ ఈ వరుసలోనే గ్రహించవచ్చు. అయితే నేటి వాడుకలో ఈ పదం వినగానే రాజు గుర్తుకు రాడు, దౌర్జన్యమే స్ఫురిస్తుంది. మూలార్థం మరుగున పడి, ఊహించిన ఫలితమే అర్థంగా స్థిరపడింది.

ఈ అర్థవిపరిణామం చరిత్రరచనపై ప్రభావం చూపుతుంది. కాకతీయ మహాదేవుడు యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. కుమారుడు గణపతిదేవుడు వారి చేత చిక్కాడు. ఓరుగల్లుకు అది అక్షరాలా అరాజకమే. ఆ దశలో రాజ్యభారం వహించినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. ఆయనకు గల 'కాకతిరాజ్యసమర్థ' బిరుదు ఇందుకు సూచకం. గణపతిదేవుడు విడుదలై 1199 ప్రాంతంలో సింహాసనమెక్కాడు. తరువాత శక 1135, అంటే క్రీ.శ. 1213లో రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించి శాసనం వేయించాడు. నేడు రామప్పగుడిగా ప్రసిద్ధమైనది అదే.

శాసనప్రశస్తిని యథాతథంగా స్వీకరించలేం. ఆపద ఎంత పెద్దదైతే కాపాడినవాని కీర్తి అంత పెద్దది. సామంతుల తిరుగుబాట్లనూ విస్మరించరాదు. అయినా పదునాలుగేళ్లలో ఒక సేనాని ఇంతటి ఆలయాన్ని పూర్తిచేయగలిగాడంటే, రాజు లేని వ్యవధిలో పాలనాయంత్రాంగం సమూలంగా ధ్వంసం కాలేదని ఊహించడం సమంజసం. సింహాసనం ఖాళీ అయినా సేనానులు, గ్రామాలు, చెరువులు, శిల్పుల బృందాలు నిలిచే ఉన్నాయి.

కాబట్టి చరిత్రకారుడు రాజు లేని స్థితికి 'అరాజకం' అనీ, కట్టుబాటు తప్పిన స్థితికి 'అరాచకం' అనీ వేర్వేరుగా వాడటం మేలు. మొదటిది ఉన్నచోట రెండవది కూడా ఉందని ఆధారాలతో నిరూపించాలే తప్ప, పదసామ్యంతో నిర్ణయించరాదు.