నల్లగొండ పద్ధతి: ఫ్లోరైడ్ నీటిశుద్ధి పరిశోధనల చరిత్ర – ఒక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగు ఊళ్ల పేర్లు చీరలతో, బొమ్మలతో, మామిడిపండ్లతో కలిసి దేశాంతరాలకు వెళ్లడం మనకు తెలిసినదే. నల్లగొండ పేరు మాత్రం పటిక, సున్నం కలిపిన నీళ్లతొట్టితో కలిసి ఆఫ్రికా ఖండం దాకా వెళ్లింది. తాగునీటిలోని అధిక ఫ్లోరైడును తొలగించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970వ దశకంలో రూపొందించిన విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. నీటిశుద్ధిని గురించిన శాస్త్రగ్రంథాల్లో దీని రసాయనచర్య విస్తారంగా చర్చకు వచ్చింది. దాని చరిత్రపై దృష్టి అంతగా పడలేదు. నీటిని ఉన్నచోటనే బాగుచేయడం ఎలాగన్నది ప్రయోగశాల ముందున్న ప్రశ్న. వేరే నీళ్లు ఎప్పుడు వస్తాయన్నది జిల్లా ప్రజల ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ ఒకే కాలంలో, ఒకే నేలమీద పుట్టినా దాదాపు అర్ధశతాబ్దం పాటు వేర్వేరు దారుల్లో నడిచాయి. ఆ నడకను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. రుచికి అందని దోషం

తాగే నీటిని తెలుగువారు 'మంచినీళ్లు' అంటారు. నాలుకకు ఉప్పగా తగిలితే అవి ఉప్పునీళ్లు. కళ్లకు మసకగా కనిపిస్తే బురదనీళ్లు. వాటిలో పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం, తేరిన తరువాత పైనీటిని వంచుకోవడం పాత అలవాట్లే. ఈ వర్గీకరణ అంతా రుచి, రంగు, వాసనల మీద ఆధారపడింది. ఫ్లోరైడ్ ఈ మూడింటిలో దేనికీ చిక్కదు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే భూగర్భజలంలో సాధారణంగా కాల్షియం తక్కువగా, క్షారత ఎక్కువగా ఉంటుంది. కనుక ఆ నీరు కఠినజలంలా నాలుకను హెచ్చరించదు. 'మంచినీళ్లు' అన్న మాట వ్యవసాయసమాజం శతాబ్దాల అనుభవంతో కూర్చుకున్న ప్రమాణం. ఆ ప్రమాణం ఇక్కడ పనికిరాకుండా పోయింది.

దోషాన్ని మొదట బయటపెట్టింది ఎముకలు. ఆంధ్రప్రాంతంలో దీనిపై తొలి ప్రామాణిక వైద్యనివేదిక 1937లో వెలువడింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి, 1970 తరువాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. దంతాలపై మచ్చలు, బిగుసుకుపోయిన వెన్ను, వంగని మెడ వంటి లక్షణాలను తాగునీటితో ముడిపెట్టిన ఈ పరిశోధన భారతదేశ ఫ్లోరోసిస్ అధ్యయనాలకు ఆరంభబిందువు. దీనికి కొద్దికాలం ముందే హైదరాబాదు సంస్థానంలోనూ మద్రాసు రాష్ట్రంలోనూ పశువైద్యులు పశువుల్లో ఇలాంటి వ్యాధిని గుర్తించారు. మనిషి కన్నా ముందు ఎద్దు నడక తడబడినట్టు లెక్కకెక్కడం ఈ చరిత్రలో గమనార్హం.

నల్లగొండ జిల్లా విషయానికి వస్తే, 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రచురించిన వ్యాసం ఆ జిల్లాను ప్రపంచ వైద్యసాహిత్యంలో నిలిపింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 'లాన్సెట్' పత్రికలో మరో రూపాన్ని వివరించారు. కౌమారంలో ఉన్నవారి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు దూరంగా జరిగిపోయే వైకల్యం అది. ఆ బృందం తరువాతి పరిశీలనలు దీన్ని ఒక్క ఫ్లోరైడుతోనే ముడిపెట్టలేదు. నాగార్జునసాగర్ జలాశయం నిండాక పరిసరాల్లో భూగర్భజలమట్టం పెరిగిందని, నేల క్షారత మారి జొన్నగింజల్లో మాలిబ్డినం ఎక్కువైందని, అది శరీరంలోని రాగిని తగ్గించి ఎముకను బలహీనపరిచి ఉంటుందని వారి వాదన. ఇది తర్కానికి నిలిచిన ప్రతిపాదనే గాని ఏకాభిప్రాయం కాదు. అయినా నీళ్ల కోసం కట్టిన ఆనకట్ట నీటిజబ్బు స్వరూపాన్ని మార్చి ఉండవచ్చునన్న సూచన, తరువాత వచ్చిన కాలువనీటి కోరికల నేపథ్యంలో, మరచిపోదగినది కాదు.

ఇక్కడ 'కాలుష్యం' అన్న మాటను గురించి ఒక వివరణ అవసరం. పటాన్‌చెరులో వలె ఈ నీటిని ఏ కర్మాగారమూ చెడగొట్టలేదు. ఫ్లోరైడ్ అక్కడి గ్రానైట్ శిలలోని ఖనిజాల నుంచి నీటిలోకి దిగుతుంది. అందువల్ల కొందరు దీన్ని సహజదోషంగా మాత్రమే లెక్కిస్తారు. ఈ అభిప్రాయంతో సంపూర్ణంగా ఏకీభవించలేం. రాతితో నీటి సహవాసం ఎంత ఎక్కువకాలం సాగితే ఫ్లోరైడ్ అంతగా చేరుతుంది. చెరువులు, దిగుడుబావులు వెనక్కుపోయి, లోతైన బోర్లు, 'బోరింగు' అని జనం పిలిచే చేతిపంపులు తాగునీటికి దిక్కయిన క్రమంలో మనిషి ఆ పాతనీటిని వెతుక్కుంటూ కిందికి దిగాడు. శిల సహజమే, దాని దగ్గరకు వేసిన దారి సహజం కాదు.

3. నాగపూర్ నుంచి నల్లగొండకు

నీరి సంస్థ 1958లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థగా మొదలై, 1974లో ఇప్పటి పేరు పొందింది. ఫ్లోరైడ్ తొలగింపుపై అక్కడ 1961 నుంచే పని సాగింది. తొలి ప్రయత్నాలన్నీ నీరు ఒక పదార్థం గుండా ప్రవహిస్తూ ఫ్లోరైడును వదిలిపెట్టే పద్ధతులు. రంపపుపొట్టును గంధకామ్లంతో శుద్ధిచేసి పటికద్రావణం పట్టించిన 'డిఫ్లోరాన్-1', 1968లో బొగ్గు ఆధారంగా చేసిన 'డిఫ్లోరాన్-2' ఇలాంటివి. ఇవి ఫ్లోరైడును పట్టుకోగలిగాయి. అయితే వాటి శక్తి తగ్గినప్పుడల్లా రసాయనంతో పునరుద్ధరించాలి, అందుకు శిక్షణ పొందిన మనిషి కావాలి. పల్లెల్లో దొరకనిది ఆ మనిషే.

ఈ చిక్కు నుంచే నల్లగొండ పద్ధతి పుట్టింది. నవ్లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో దీన్ని ప్రకటించారు. నీటిలో తగినంత సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా కలపాలి. పటికలోని అల్యూమినియం మెత్తని తునకలుగా విచ్చుకుని ఫ్లోరైడును తనతో పట్టుకుని అడుగుకు దిగుతుంది. తేరిన నీటిని వడపోసి తీసుకోవాలి. సున్నం సాధారణంగా పటికలో ఇరవయ్యో వంతు. ఇంటి వాడకానికి అడుగుభాగానికి కొంచెం పైన కుళాయి బిగించిన 40 లీటర్ల తొట్టి సరిపోతుంది. ఊరంతటికీ పెద్దతొట్లు కట్టుకోవచ్చు.

రసాయనశాస్త్రం దృష్టితో చూస్తే ఇందులో పూర్తిగా కొత్తదేమీ లేదు. పటిక ఫ్లోరైడును తగ్గిస్తుందని అమెరికాలో బోరఫ్ 1934లోనే చూపాడు. నాగపూర్ శాస్త్రవేత్తల ప్రతిభ వేరేచోట ఉంది. నీటి ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి ఎంత పటిక వేయాలో పట్టికలుగా లెక్కగట్టి, కిరాణాకొట్టులో దొరికే సరుకులతో, విద్యుత్తు లేకపోయినా సాగే క్రమాన్ని వారు నిర్మించారు. పటిక అప్పటికే తెలుగు ఇంట ఉన్న వస్తువు. ఈ ఎంపికను తక్కువ చేసి చూడలేం.

4. తొట్టి దగ్గర మిగిలిన ప్రశ్నలు

ఇల్లాలు బురదనీటికి పటిక తిప్పినప్పుడు ఎప్పుడు ఆపాలో కన్నే చెబుతుంది. ఫ్లోరైడ్ నీటికి పటిక లీటరుకు వందల మిల్లీగ్రాముల చొప్పున వేయాలి, ఆపవలసిన చోటును కన్ను చెప్పలేదు. అంతకుముందు తేటగానే ఉన్న నీరు, ఆ తరువాతా తేటగానే ఉంటుంది. శ్రమ పెరిగింది, రుచి కొంత మారింది, ఫలితం మాత్రం కంటికి కనిపించదు. ఏళ్ల తరువాత ఎముకలో కనిపించవలసిన లాభం కోసం రోజూ పొద్దున తూకం వేసి కలపమనడం ఆ ఇంటి స్త్రీపై మోపిన బాధ్యత. పరిశోధనపత్రాలు ఈ శ్రమను ఖర్చులో చేర్చలేదు.

శాస్త్రీయమైన ఆక్షేపణలూ వచ్చాయి. ఫ్లోరైడులో కొంతభాగం అడుగుకు దిగకుండా అల్యూమినియంతో కలిసి కరిగే సమ్మేళనంగా నీటిలోనే మిగులుతుందని, నీటిలో సల్ఫేటు, అవశేష అల్యూమినియం పెరుగుతాయని తరువాతి పరిశోధకులు విమర్శించారు. తొట్టి అడుగున చేరే మడ్డిలో ఉన్నది, నీటి నుంచి తీసిన ఫ్లోరైడే. దాన్ని ఎక్కడ పారబోయాలి? పెరట్లో పోస్తే వానకు మళ్లీ నేలలోకి దిగుతుంది. 1986లో ప్రారంభమైన జాతీయ తాగునీటి సాంకేతిక కార్యక్రమం కింద గ్రామస్థాయి శుద్ధికేంద్రాలు నెలకొల్పినప్పుడు కూడా ఈ ప్రశ్నలు తీరలేదు.

5. 480 మంది అభ్యర్థులు

ప్రజల ప్రశ్న 1996లో ఎవరూ ఊహించని రూపం దాల్చింది. జలసాధన సమితి పిలుపుతో ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభ స్థానానికి వందలమంది నామినేషన్లు వేశారు. చివరకు 480 మంది బరిలో నిలిచారు. పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్‌ను పుస్తకంలా ముద్రించవలసి వచ్చింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని ఆ సమితి కోరింది కృష్ణాజలాలను, తాగడానికీ సాగుకూ. అప్పటికి నల్లగొండ పద్ధతి ప్రకటితమై ఇరవయ్యేళ్లు దాటింది. జిల్లా పేరును ప్రపంచానికి పరిచయం చేసిన పరిష్కారాన్ని ఆ జిల్లా ప్రజలు పరిష్కారంగా స్వీకరించలేదనడానికి ఇంతకన్నా స్పష్టమైన చారిత్రకసాక్ష్యం అరుదు. దీనికి రాజ్యం ఇచ్చిన తక్షణ ప్రతిస్పందనల్లో ఒకటి విచిత్రమైనది. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును సాధారణ వర్గాలకు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. తమిళనాడులోని మొడకురిచ్చిలో అదే ఏడాది వెయ్యిమందికి పైగా పోటీచేయడమూ ఇందుకు నేపథ్యమే.

నదీజలం ఇళ్లకు చేరడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో నాటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రప్రభుత్వ లెక్కలు ప్రకటించాయి. ఈ లెక్క కుళాయినీటిది. గట్టిపడిన వెన్నును, వంగిన కాళ్లను తిరిగి సరిచేసే వైద్యం లేదు. బోరునీటితో పండే పంట, పొలంలో పనివేళ తాగే నీరు ఆ లెక్కలోకి రావు. ఈ అంశాలపై క్షేత్రస్థాయి అధ్యయనాలు, బాధితుల మౌఖికకథనాల సేకరణ జరగవలసి ఉంది. వైద్యపత్రికల్లో వారు ఎక్స్‌రే చిత్రాలుగా ఉన్నారేగాని మాట్లాడేవారుగా లేరు.

నల్లగొండ పద్ధతి మాత్రం మరోచోట కొనసాగింది. తూర్పు ఆఫ్రికా పగులులోయలో అగ్నిపర్వతశిలల వల్ల ఫ్లోరైడ్ సమస్య తీవ్రం. టాంజానియాలో 1990వ దశకంలో దీన్ని రెండు బకెట్ల విధానంగా మార్చుకున్నారు. 20 లీటర్ల నీటికి 12.8 గ్రాముల పటిక, 6.4 గ్రాముల సున్నం కలిపి కర్రతో తిప్పి, గంటసేపు తేరనిచ్చి, గుడ్డ గుండా రెండో బకెట్‌లోకి వంచుకుంటారు. సున్నం పాలు నీరి చెప్పిన ఇరవయ్యో వంతు నుంచి సగానికి పెరిగింది. పేరు మాత్రం అక్కడి నివేదికల్లోనూ, ఇథియోపియా నివేదికల్లోనూ 'నల్గొండ'గానే ఉంది.