చోటెఱుగు పెట్టె, కేక వేయు పెట్టె

సూళ్లూరుపేటనుండి తూర్పుగా పోవు బాట పులికాటు సరస్సు నడుమ సాగి శ్రీహరికోట దీవిని చేరును. దీవికి పడమట ఉప్పుసరస్సు, తూర్పున బంగాళాఖాతము. 1971 అక్టోబరు 9వ తేదీన ఆ దీవినుండి మొదటి చిన్న రాకెట్టు ఆకాశమున కెగసినది. అంతకు ఎన్నో తరములకు పూర్వమునుండియు ఆ తీరపు పట్టపువారి తెప్పలు కడలికి పోవుచునే యున్నవి. రాకెట్టునకును తెప్పకును సంబంధమేమని కొందఱు అడుగవచ్చును. ఆ సంబంధము నేడొక సన్నని తీగలో నున్నది. నేటి ప్రసంగము ఆ తీగ చరిత్రమే.

కడలిపై పోవువానికి రెండు విద్యలు కావలెను. తానెక్కడ నున్నాడో తెలిసికొనుట మొదటిది. ఆపద వచ్చినపుడు ఆ సంగతి యొరులకు వినిపించుట రెండవది. మొదటి విద్యలో మన తీరవాసులు ఎవ్వరికిని తీసిపోయినవారు కారు. ఒడ్డున నున్న తాటితోపును, దాని వెనుకనున్న గుడిగోపురమును ఒక వరుసలో చూచి త్రోవ పట్టుకొందురు. గుండు కట్టిన త్రాడు విడిచి లోతెన్ని బారలో చెప్పుదురు. రాత్రివేళ ధ్రువనక్షత్రమే దిక్కు. ఆ నక్షత్ర మెన్ని భాగముల యెత్తున నున్నదో, ఆ చోటి అక్షాంశమును ఇంచుమించుగా అంతే. శ్రీహరికోటవద్ద అది 14 భాగములకు కొంచెము తక్కువ.

రెండవ విద్య మాత్రము మనవారికే కాదు, లోకమున నెవ్వరికిని చిరకాలము లేకుండెను. తెప్పపై నిలిచిన మనిషి చూపు సుమారు మూడు మైళ్ల దూరమున నీరు నింగి కలియుచోట ఆగిపోవును. అంతకు మించిన దూరమున గుడ్డ యూపినను, కాగడా యెత్తినను, అఱచినను ఫలము స్వల్పము. తుపానులో చిక్కినవాడు తన చోటు తానెఱిగియు, దాని నెవ్వరికిని తెలుపలేక మునిగిపోయెడివాడు.

తీగలేని తంతి పుట్టిన పిమ్మట ఓడలకు గొంతు వచ్చెను. కాని గొంతు వచ్చినంతమాత్రమున ఆపద తీరదని 1912 ఏప్రిలులో టైటానిక్ అను మహానౌక లోకమునకు చూపెను. మంచుకొండను తాకి మునుగుచున్న ఆ యోడ తన చోటును తెలుపుచు సహాయము కోరెను. 1985లో ఆ యోడ శిథిలము సముద్రగర్భమున కనబడినపుడు, అది నాడు చెప్పిన చోటినుండి సుమారు 13 సముద్రపు మైళ్ల దూరమున నున్నదని తేలెను. సాయము వచ్చిన కార్పాతియా యోడ, చెప్పిన చోటు చేరకముందే, తన త్రోవలోనే ప్రాణరక్షక నావలను కనుగొనెను. కేక చేరినది, చోటు తప్పినది. బ్రదికినవారు దైవవశమున బ్రదికిరి.

1983వ సంవత్సరమున రెండు సంగతులు జరిగెను. సెప్టెంబరు 1న కొరియా దేశపు విమాన మొకటి త్రోవ తప్పి సోవియట్ దేశముపైకి పోగా, దానిని కూల్చివేసిరి. 269 మంది మరణించిరి. అంతట అమెరికా అధ్యక్షుడు రీగన్, తమ సైన్యము నిర్మించుచున్న జి.పి.ఎస్. ఉపగ్రహముల సాయమును పౌరులకును ఇత్తుమని ప్రకటించెను. 1995 నాటికి ఆ యుపగ్రహమాల పూర్తియయ్యెను. రెండవ సంగతి చిన్నది. అమెరికాలో పడవల రేడియోలు మొదలగు యంత్రముల వర్తకుల సంఘము, ఒక యంత్రము మఱియొక యంత్రముతో మాటలాడుటకు 0183 అను పేర నొక నియమము వెలువరించెను. ఆ భాషలో చోటు తెలుపు వాక్యములు డాలరు గుర్తుతో ప్రారంభమగును. అక్షాంశ రేఖాంశములు అంకెలుగా తీగవెంట పోవును.

జి.పి.ఎస్. పెట్టె విషయమున పలువురు పొరపడుదురు. అది ఉపగ్రహముల మాట వినును. సముద్రపటముపై మన పడవను చూపును. కాని ఎవ్వరికిని ఏమియు చెప్పదు. దానిప్రక్కనున్న వి.హెచ్.ఎఫ్. రేడియో పలుకగలదు, కాని పడవ యెక్కడ నున్నదో దానికి తెలియదు. ఒకటి కన్నుగల మూగ, రెండవది నోరుగల గ్రుడ్డి. గాలివానలో ఒక పెట్టెలో అంకెలు చదివి, రెండవ పెట్టెలో చెప్పవలెనన్న నోరు తడబడును. అక్షాంశమున ఒక భాగము తప్పినచో 60 సముద్రపు మైళ్లు తప్పినట్లే.

1999 ఫిబ్రవరి 1 నుండి పూర్తిగా అమలునకు వచ్చిన అంతర్జాతీయ సముద్రరక్షణ పద్ధతి ఈ కొఱతను తీర్చినది. అట్టి రేడియోపై మూతక్రింద ఎఱ్ఱమీట యుండును. దానిని నొక్కి పట్టుకొన్నచో 70వ చానలుపై పడవ గుర్తుసంఖ్యయు, చోటును, కాలమును తమంత తామే పోవును. ఆ గుర్తుసంఖ్యకు తొమ్మిది అంకెలు. మన దేశపు పడవలకు 419తో మొదలగును. కాని ఆ చోటు రేడియోకు తెలియుటకు తీగ కలుపవలెను. జి.పి.ఎస్. పెట్టెలోని పలుకు తీగలను రేడియోలోని విను తీగలకు కలుపవలెను. రెండు నోళ్లు కలిపినచో వినువాడుండడు. కలిపినపిదప రేడియో ముఖముపై అక్షాంశ రేఖాంశములు కనబడవలెను. శ్రీహరికోట తీరమున నైనచో ఉత్తరము 13 భాగముల చిల్లర, తూర్పు 80 భాగముల చిల్లర. అంకెలు లేనిచో ఆ మీట చోటు చెప్పలేని కేకయే. జి.పి.ఎస్. లోపలనే యిమిడ్చిన రేడియోలు కూడ నేడు గలవు.

ఇపుడు మన దీవికి మఱలుదము. 2013 జులై 1న భారతదేశపు సొంత దిక్సూచి ఉపగ్రహములలో మొదటిది శ్రీహరికోటనుండి ఎగసెను. 2016 ఏప్రిల్ 28న ఏడవది పోయెను. వానికి నావిక్ అని పేరిడిరి. 2017 తుదిని ఓఖీ తుపాను కన్యాకుమారి, కేరళ తీరముల జాలరులను దూరసముద్రమున చుట్టుముట్టినపుడు వారికి హెచ్చరిక చేర్చు దారి లేక పలువురు మడిసిరి. వి.హెచ్.ఎఫ్. కేక తీరమునుండి కొన్ని పదుల మైళ్లకు మించి పోజాలదు. దూరము పోవువారికొఱకు, చోటెఱుగుటయు కేక వేయుటయు ఒకే పెట్టెలో నిమిడ్చి, ఉపగ్రహముద్వారా ఆపద తెలుపు సాధనమును భారత అంతరిక్ష సంస్థ చేసియున్నది. 2024 జనవరిలో వచ్చిన రెండవ తరపు పెట్టె, కేక చేరినదని పడవవానికి మారుమాట కూడ తెచ్చును. నడిసముద్రమున నున్నవానికి "విన్నాము" అను మాటకంటె గొప్ప ధైర్యమేమి గలదు?

ఉపగ్రహములు వేల మైళ్ల యెత్తున తమ పని తాము చేయుచునే యుండును. లోపము వచ్చునది పడవలోని జానెడు తీగలోనే. ఉప్పుగాలికి రాగితీగ పచ్చని కిలుము పట్టును, పట్టు సడలును, ఎవ్వరును గమనింపరు. ఏటేట జూన్ 14తో వేటనిషేధము ముగియును. వలలు బాగుచేయు నాళ్లలోనే ఆ తీగను కూడ చూడవలెను. ఊరి పెద్దలకు యంత్రవిద్య రానక్కఱలేదు. పడవ దిగబోవు కుఱ్ఱవాని నొక్కమాట యడిగిన చాలును: "నాయనా, నీ రేడియోకు నీ వున్న చోటు తెలియునా?"