పరువూ తుపాకీ: బొబ్బిలి నుంచి గరుడభద్ర దాకా

తెలుగులో ముఖానికి వున్నన్ని బరువులు మరే అవయవానికీ లేవు. మాట తప్పినవాడికి ముఖం చెల్లదు. అప్పు తీర్చలేనివాడు ముఖం చాటేస్తాడు. తలకు వంపులున్నాయి, మీసానికి మెలివేత వుంది, నలుగురిలో చిన్నబోయినవాడికి ముక్కు కోసినంత పనవుతుంది. కానీ పరువు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి భాష స్వరూపమే మారిపోతుంది. పరువు వుంటుంది, పోతుంది, తీస్తారు, కాపాడుకుంటారు, బజారున పెడతారు. ఇవన్నీ భూమికీ, సొమ్ముకీ వాడే క్రియలు. ఇది కాకతాళీయం కాదని నా అభిప్రాయం. పరువు మనసులో పుట్టే భావం మాత్రమే కాదు, అది ఒక ఆస్తి. ఆస్తి వున్నచోట కాపలా వుంటుంది. మన ప్రాంత చరిత్రలో ఆ కాపలా చాలాకాలం తుపాకీ రూపంలో నిలబడింది.

నేనుండే వూరి పేరులోనే కోట వుంది. జలంత్ర, మందస, తర్లా, టెక్కలి ఒకప్పుడు గంజాం జిల్లా జమీందారీలు. ఉద్దానంలో ఇవాళ్టి తగువులు చాలావరకు చిన్నవే: కొబ్బరితోట గట్టు జానెడు జరిగిందనీ, జీడికొమ్మ పక్కవాడి దొడ్లో పడిందనీ, అమ్మవారి పండగలో ఫలానావారి మేళం ముందు నడిచిందనీ. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు గమనించండి. నష్టం ఎంత అన్నది అరగంటలో తేలిపోతుంది. ముందు ఎవరు తగ్గాలి అన్న దగ్గర మూడు రాత్రులు గడిచిపోతాయి.

కొన్నేళ్ళ క్రితం తరగతిలో బొబ్బిలి కథ గురించి చెబుతున్నాను. తాండ్ర పాపయ్య విజయరామరాజు గుడారంలో దూరిన ఘట్టానికి పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం లేచి, "అసలు తగువు దేనిమీద మాస్టారూ?" అని అడిగింది. నాకు చటుక్కున జవాబు తోచలేదు. పరువు కోసమని చెప్పి తప్పుకున్నాను. ఆ జవాబు నన్నే తృప్తిపరచలేదు. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

బొబ్బిలి తగువు దేనిమీద? ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ చెప్పే కారణం వింటే మన గాథాప్రియులకు నిరుత్సాహం కలుగుతుంది. నీళ్ళమీద! ఇరుగుపొరుగు సంస్థానాల మధ్య పారే గెడ్డల నీటిని బొబ్బిలివారు తమ పొలాలకు మళ్ళించుకుంటున్నారన్నది విజయనగరం రాజు ఫిర్యాదు. అంటే ఇవాళ ఏ మదుము దగ్గరైనా ఇద్దరు రైతులు పారలు పట్టుకుని తిట్టుకునే తగువే. అయితే రైతుల తగువు కాలవగట్టున పుట్టి కాలవగట్టున చస్తుంది. రాజుల తగువుకు ఫిరంగి దొరికింది.

ఆ ఫిరంగి ఎలా దొరికిందో చూడాలి. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో సహా నాలుగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి సైన్యం ఖర్చుకింద రాసి యిచ్చాడు. అంటే బుస్సీ సిపాయిల జీతాలు ఈ నేల శిస్తులోంచి రావాలి. శిస్తు వసూలు చేసిపెట్టే పెద్ద గుత్తదారు విజయనగరం పూసపాటి విజయరామరాజు. 1756 చివర బుస్సీ ఉత్తర సర్కారులకు దిగినప్పుడు అతనికి విజయరామరాజు అవసరం. విజయరామరాజుకు బొబ్బిలి రంగారావు అక్కడినుంచి కదలడం అవసరం. వేరేచోట భూములిస్తాం, బొబ్బిలి వదిలిపొమ్మన్నారు. రంగారావు దాన్ని అవమానంగా భావించాడు. ఇంతలో ఫ్రెంచి సిపాయిల దళం ఒకదానిమీద బొబ్బిలి ఎల్లలో దాడి జరిగింది. అది విజయరామరాజే పన్నిన పన్నాగమన్న అనుమానాన్ని కూడా ఓర్మ్ దాచలేదు. ఏమైనా బుస్సీకి ఇప్పుడు తన పరువు అడ్డమొచ్చింది. 1757 జనవరి 24న కోటమీద ఫిరంగులు మోగాయి.

తర్వాతి కథ పాఠకులకు తెలిసినదే. కోట నిలవదని తెలిశాక లోపలివారు తమ స్త్రీలనూ పిల్లలనూ తామే చంపుకున్నారు, ఇళ్ళకు నిప్పు పెట్టుకున్నారు. రంగారావు తుపాకీ గుండుకు కూలాడు. మూడో రాత్రి విజయరామరాజు గుడారంలోనే హతుడయ్యాడు. ఈ ఘట్టాలను మన గాథలు, నాటకాలు, 1964లో వచ్చిన సినిమా ఎంతగా కీర్తించాయంటే, మధ్యలో చచ్చిన స్త్రీల అభిప్రాయం ఏమిటన్న ప్రశ్న సుమారు రెండున్నర శతాబ్దాలుగా ఎవరికీ తట్టలేదు. పరువు పురుషుడిది, దాని ఖరీదు మాత్రం అంతఃపురం చెల్లించింది. సిపాయిలుగా రెండువైపులా చచ్చినవాళ్ళ పేర్లు ఏ గాథలోనూ లేవు. వాళ్ళకు పరువు లేదు కాబట్టి పోవడానికి కూడా ఏమీ లేదన్నమాట.

మరి ఇంటిపేర్లు మిగిలినవాళ్ళు? బొబ్బిలి వంశంలో ఒక పసివాడు బతికి బయటపడ్డాడు. కొంతకాలానికి సంస్థానం మళ్ళీ ఆ వంశానికే వచ్చింది. 1802 శాశ్వత శిస్తు ఒప్పందంలో బొబ్బిలీ, విజయనగరమూ రెండూ జమీందారీలుగా పక్కపక్కనే స్థిరపడ్డాయి. బొబ్బిలి రాజా 1932లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి కూడా అయ్యారు. వంశాలు నిలిచాయి, ఆస్తులు నిలిచాయి, పౌరుషం పాటల్లో నిలిచింది. గెడ్డనీళ్ళ తగువు మాత్రం పాటలోంచి జారిపోయింది. సాహిత్యం చేసిన పెద్ద ఉపకారం అదే. ఆస్తి తగువును తీసుకుని పౌరుష గాథగా తిరిగి యిచ్చింది. పల్నాటి కథలోనూ జరిగింది యిదే. అన్నదమ్ముల రాజ్యపు పంపకం వెనక్కు పోయి కోడిపందెం ముందుకు వచ్చింది. నేను వీరగాథలను చదవవద్దనడం లేదు. తగువు దేనిమీదో అడుగుతూ చదవాలంటున్నాను.

బొబ్బిలి తర్వాత తుపాకీ ఏమైంది? ఇక్కడ ఆంగ్ల ప్రభుత్వం ఒక గట్టి పని చేసింది. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం వుంచుకోరాదు. 1857ను చూసి భయపడిన ప్రభుత్వం జనాన్ని నిరాయుధం చేయడం మనకు ఆశ్చర్యం కలిగించదు. చూడవలసినది మినహాయింపులను. బిరుదులున్నవారికీ, పెద్ద జమీందారులకూ ఆ చట్టం సడలింపులిచ్చింది. తక్కిన లైసెన్సులు సర్కారుకు విధేయులైన మోతుబరులకు దక్కేవి. అంటే తుపాకీ ఆయుధంగా వుంటూనే హోదాపత్రంగా మారింది. వసారాలో గోడకు వేలాడే తుపాకీ పేలనక్కరలేదు. కూలిడబ్బులు అడగడానికి వచ్చిన కంబారి దాన్ని చూస్తే చాలు. 1959లో కొత్త చట్టం వచ్చి ఆంగ్లేయులనాటి చట్టాన్ని తీసేసింది గాని, పలుకుబడి వున్నవాడికే లైసెన్సు అందుబాటులో వుండటం పోలేదు.

ఆ గోడమీది తుపాకీ పేలే సందర్భం ఏది? ఎదుటివాడు ఆస్తిని తాకినప్పుడు మాత్రమే కాదు, తలెత్తినప్పుడు. ఇందుకు మన ప్రాంతమే సాక్ష్యం.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అది ముగిసిన కొద్దిరోజులకే మందస జమీందారీ రైతులు అడవిలోకి వెళ్ళి కర్ర కొట్టుకొచ్చారు. తరతరాలుగా వాడుకున్న అడవి అది. ఎస్టేటు దాన్ని తనదిగా చేసుకుంది. విషయం వంటచెరకు, నాగలికర్ర. జమీందారు పన్నుతోనో జరిమానాతోనో సరిపెట్టుకోవచ్చు. కానీ రైతులు బండ్లు కట్టుకుని పట్టపగలు, దాపరికం లేకుండా వెళ్ళారు. ఎస్టేటుకు దొంగతనం కొత్త కాదు, బహిరంగత కొత్త. పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చి రైతులను పట్టుకుపోతుంటే గ్రామస్తులు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 1న కాల్పులు జరిగాయి. నిండు గర్భిణి సాసుమాను గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక్కడ తుపాకీ జమీందారు చేతిలో లేదు, సర్కారు చేతిలో వుంది. జమీందారు పరువుకు సర్కారు కాపలా కాసింది. బొబ్బిలిలో బుస్సీ చేసిన పనికీ దీనికీ తేడా ఎంత?

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. జమీందారీతనం అంత తేలికగా రద్దు కాలేదు. పార్వతీపురం ఏజెన్సీలో భూమి షావుకార్ల చేతికీ, భూస్వాముల చేతికీ పోయింది. జాతాపులు, సవరలు తమ పొలాల్లోనే పాలేర్లయ్యారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అక్కడ గిరిజన సంఘం నిర్మించారు. ఇద్దరూ బడిపంతుళ్ళే, మన వృత్తివాళ్ళు. సంఘం అడిగిన కోరికలు చూస్తే కూలి, అప్పు, వెట్టి, భూమి. కానీ కోరిక అడగడానికి ముందు గిరిజనుడు భూస్వామి ముఖంలోకి చూడాలి. అక్కడే చిక్కు వచ్చింది. 1967 అక్టోబరు 31న గిరిజనులు మొండెంఖల్ లో జరిగే సంఘం మహాసభకు బయలుదేరారు. దారిలో లేవిడి దగ్గర భూస్వాములూ, వారి మనుషులూ అడ్డగించారు. తుపాకీ పేలింది. కోరన్న, మంగన్న అక్కడే చనిపోయారు. వాళ్ళు ఆ రోజు ఎవరి పంటనూ కోయడం లేదు, ఎవరి గాదెనూ తెరవలేదు. దారిన నడుస్తున్నారు. మరుసటి సంవత్సరం న్యాయస్థానం నిందితులను విడిచిపెట్టింది. తర్వాత శ్రీకాకుళంలో ఏం జరిగిందో మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ తీర్పును మరిచి మాట్లాడతారు.

మా ఉద్దానంలో అదే కథ ఇంకొకసారి నడిచింది. 1968 నవంబరులో పంచాది కృష్ణమూర్తి వెంట కొందరు స్త్రీలు బొడ్డపాడు ప్రాంతం నుంచి గరుడభద్ర మీదుగా వెళుతుంటే అక్కడి భూస్వామి మనుషులు వారిమీద పడ్డారు. మర్నాడు వందలాది రైతులు వెళ్ళి ఆ భూస్వామి పంట కోసుకున్నారు. ఈ వరసను గమనించాలి. మొదట పరువు తగువు, తర్వాత పంట తగువు. బొబ్బిలి గాథలో పౌరుషం నీళ్ళను కప్పేసింది. గరుడభద్రలో అవమానమే భూమి ప్రశ్నను బయటికి లాగింది. ఆ తర్వాతి సాయుధ పోరాటపు మంచిచెడ్డలు వేరే చర్చ. అందులో వ్యక్తిహత్యల పంథా ఎంత నష్టం చేసిందో మన పత్రికలు ఇదివరకే తర్కించాయి. నా అంశం అది కాదు. దారిన పోతున్న స్త్రీలను చూసి ఒక గ్రామాధిపతికి ముఖం పోయినట్లు ఎందుకనిపించిందన్నది నా ప్రశ్న.

కొందరు దీన్ని జాతి స్వభావంగా తేల్చేస్తారు. వెలమ పౌరుషమనీ, సీమ పంతమనీ, తూర్పుదేశాలవారి అభిమానమనీ అంటారు. థాయిలాండ్ గురించి కూడా ఇదే మాట వింటాం. అక్కడి భాషలో 'నా' అంటే ముఖం; పరువు పోవడాన్ని 'సియా నా' అంటారు, ముఖం పోయిందని. అక్కడా చిన్న తగువుల్లో తుపాకులు పేలుతాయి. 2020 ఫిబ్రవరి 8న నఖోన్ రాచసీమలో ఒక సైనికుడు ఇంటి లావాదేవీ తగువులో తన పై అధికారినీ, ఆ అధికారి అత్తగారినీ కాల్చి, శిబిరంలో ఆయుధాలు ఎత్తుకుని అంగడి భవనంలోకి వెళ్ళి కాల్పులు సాగించాడు. దాదాపు ముప్పయిమంది చనిపోయారు. 'ముఖం'తో దీన్ని వివరించి వూరుకోవడం సులువు. కానీ అదే దేశంలో అప్పటికి ప్రభుత్వోద్యోగులకు తగ్గింపు ధరకు తుపాకులు అమ్మే పథకం వుండేది. పై అధికారి తన కింది సైనికులతో ఇళ్ళ వ్యాపారం చేసే ఏర్పాటు వుంది. హోదా, వ్యాపారం, ఆయుధం ఒకేచోట పోగుపడిన దేశంలో ముఖం పోయినవాడి చేతికి ముందుగా ఏది అందుతుంది? స్వభావం కంటే ముందు ఈ ఏర్పాటును చూడాలి.

తుపాకీ ఒక్కటే దోషి అనడానికీ వీల్లేదు. కారంచేడులో తుపాకీ లేదు. 1985 జూలైలో మాదిగపల్లెవాళ్ళు తాగే చెరువు దగ్గర పెద్దకులపు యువకులు గేదెల కుడితి నీళ్ళు కలుస్తుంటే ఆక్షేపణ వచ్చింది. కొట్టడానికి వచ్చినప్పుడు మున్నంగి సువార్త తన చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, 17న, గొడ్డళ్ళతో, బరిసెలతో దాడి జరిగి ఆరుగురు హతులయ్యారు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగువు ముదిరి ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల ప్రాణాలు తీసింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

ఒక బిందె పైకి లేచింది. ఒక కాలు తగిలింది. వీటికి యింత శక్తి ఎక్కడిది? పరువు ఆస్తి అయితే దానికి ఒక విచిత్ర లక్షణం వుంది. పొలం పక్కవాడికి ఎకరం వస్తే నా ఎకరం తగ్గదు. పరువు అలా కాదని పరువుగలవాడి నమ్మకం. ఎదుటివాడు తలెత్తినంత మేరా తనది తరిగిపోతుందని అతని లెక్క. అందుకే మాటలు కూడా రెండు రకాలయ్యాయి. భూస్వామి చూపిస్తే పౌరుషం, పాలేరు చూపిస్తే పొగరు. రంగారావు కదలనంటే వీరుడు, సువార్త కదలనంటే తలబిరుసు. నిఘంటువులో ఇవి రెండు మాటలే గాని చేసిన పని ఒకటే.

ఆ అమ్మాయికి ఇప్పుడు చెప్పవలసి వస్తే బొబ్బిలితో పాటు కారంచేడు కూడా చెబుతాను. దాడి తర్వాత బతికినవాళ్ళు చీరాల చేరారు. వూరికి తిరిగి రమ్మని, ఇళ్ళు బాగుచేస్తామని నచ్చజెప్పేవాళ్ళు వచ్చారు. రంగారావుకు కూడా వేరేచోట భూములిస్తామన్నారు, ఆయన కోట వదలనన్నాడు. వీళ్ళకు కోట లేదు. వీళ్ళు చీరాలలోనే వుండిపోయి, విజయనగర్ కాలనీ కట్టుకుని, కేసు నడిపారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇరవైమూడేళ్ళపాటు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ మనుషులమీద మన దగ్గర ఒక్క తంబురా కథ కూడా పాఠ్యపుస్తకంలో లేదు.